పికప్‌కి ఎయిర్ ట్యాంకు ఎక్కడ బిగించాలి?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది టెక్కలి దగ్గర పల్లె. భావనపాడు వైపు చెరువుల్లో పట్టిన రొయ్యలను ఐసు వేసి ఎక్కువగా రాత్రిపూట నా పికప్‌లో విశాఖపట్నం రొయ్యల ప్లాంటుకి తోలుతుంటాను. వెళ్లేటప్పుడు ఫుల్ లోడు, వచ్చేటప్పుడు ఖాళీ క్రేట్లు. లోడు ఉంటే వెనక కుంగిపోతోంది, ఖాళీగా వస్తే ఎగిరెగిరి పడుతోంది. అందుకని బండి బరువు మోసే కమాన్ పట్టీలకు తోడుగా వెనక రెండు ఎయిర్ బ్యాగులు (గాలి నింపితే బండిని ఎత్తి పట్టే రబ్బరు తిత్తులు), వాటికి గాలి కొట్టే 12 వోల్టుల చిన్న కంప్రెసర్ కొన్నాను. ఆ గాలిని నిల్వ ఉంచే ట్యాంకు ఎక్కడ పెట్టాలో మాత్రం తేలడం లేదు. మా మెకానిక్ స్టెప్నీ తీసేసి ఆ చోట పెడదామంటాడు. మా బావమరిది తొట్టిలో క్యాబిన్ గోడకు ఆనించి పెట్టేయమంటాడు. నాకేమో ఎడమ వైపు ఛాసిస్ (బండి అడుగున ఉండే ఇనుప చట్రం) పక్కన, డీజిల్ ట్యాంకుకీ వెనక చక్రానికీ మధ్య 30 అంగుళాల ఖాళీ కనిపిస్తోంది. సైలెన్సర్ కుడి వైపు ఉంది, బండి బీఎస్-6 (కొత్త పొగ నిబంధనల రకం). సాలూరులో 20 లీటర్ల పాత లారీ బ్రేకు ట్యాంకు చవగ్గా దొరికింది, వాడొచ్చా? ఎలాగూ బ్యాగులు వస్తున్నాయి కదా, రెండు పట్టీలు తీసేస్తే ఖాళీ బండి మెత్తగా నడుస్తుందేమో, తీసేయమంటారా?
(ఒక పాఠకుడు, టెక్కలి)

సమాధానం: మీ కంటికి కనిపించిన చోటే మంచిది. ఎడమ వైపు ఛాసిస్‌కి బయటి పక్కన, ఆ 30 అంగుళాల ఖాళీలోనే బిగించండి. సాలూరు ట్యాంకు వద్దు. పట్టీలు అసలే తీయొద్దు. మీ మెకానిక్, మీ బావమరిది చెప్పినవి ఊరికే కొట్టిపారేసే మాటలు కావు. కాకపోతే మీరు మోసేది ఐసు, తిరిగేది సముద్రపు గాలిలో, పరుగు చాలావరకు రాత్రిపూట. చోటు ఎంచుకునేటప్పుడు ఈ మూడూ లెక్కలోకి రావాలి.

ముందు స్టెప్నీ సంగతి. మెకానిక్ చూపంతా చోటు మీదే ఉంది. ఛాసిస్ రెండు పట్టాల మధ్య అంత పెద్ద ఖాళీ మరెక్కడా ఉండదు, బిగించడం కూడా తేలిక. కానీ అర్ధరాత్రి రణస్థలం దగ్గర టైరు పంచరైతే మీ పరిస్థితి ఏమిటి? వెనక ఐసు కరిగిపోతుంటుంది, ప్లాంటు వాళ్లు ఫోన్లు చేస్తుంటారు. ఆ టెన్షన్ ముందు ట్యాంకు కోసం మిగిల్చుకున్న చోటు ఏపాటిది? స్టెప్నీని తొట్టిలో వేసుకుంటే రెండు క్రేట్ల చోటు పోతుంది. పైగా వెనక చక్రాలు రెండూ చిమ్మే బురద, రాళ్లు నేరుగా తగిలేది అక్కడే. చెరువు గట్టు దిగేటప్పుడు బండి తోక నేలకు రాసుకుంటే ముందు దెబ్బ తినేదీ అదే.

ఇక తొట్టి. వేడి నుంచీ బురద నుంచీ ట్యాంకుకు అంతకంటే భద్రమైన చోటు లేదు, మీ బావమరిది ఆలోచన ఆ మేరకు నిజమే. పలాస నుంచి జీడిపప్పు డబ్బాలు తోలేవాళ్లు అడిగితే, చుట్టూ ఇనుప పంజరం కట్టుకుని అక్కడే పెట్టుకోమని చెబుతాను. మీ పని వేరు. క్రేట్లు దించే కుర్రాళ్లు కాలు పెట్టడానికి ఏది దొరికితే దాని మీద కాలు పెట్టేస్తారు. తడి తొట్టిలో ఒక క్రేటు జారి వాల్వుకు తగిలితే ఇత్తడి మెడ పుటుక్కున విరిగిపోతుంది. 120 పీఎస్‌ఐ ఒత్తిడితో ఉన్న గాలి ఒక్కసారిగా బయటికొచ్చే చోట మనుషులు నిలబడి ఉండకూడదు. దానికి తోడు తొట్టి అడుగున బోల్టుల కోసం వేసిన ప్రతి రంధ్రమూ ఉప్పునీటికి దారి ఇస్తుంది. ఏడాది తిరిగేసరికి ఆ రంధ్రం చుట్టూ రేకు పొరలు పొరలుగా లేచిపోతుంది.

ఉప్పునీరు అన్నాను కాబట్టి, ట్యాంకు కొనక ముందే చేయవలసిన పని ఒకటి చెప్తాను. ఒకరోజు లోడు దించి వచ్చాక, కడగకుండా బండి కిందికి టార్చి వేసి చూడండి. తొట్టి అడుగు రంధ్రాల నుంచి ఐసు నీరు ఎక్కడెక్కడ కారిందో ఛాసిస్ మీద తెల్లటి చారలు చెబుతాయి. ఆ చారలు ఎడమ వైపు మీరు అనుకున్న చోట మీదుగా వెళ్తుంటే, ట్యాంకు మార్చక్కర్లేదు, నీళ్ల దారి మార్చండి. ఆ రంధ్రానికి ఒక రబ్బరు గొట్టం తగిలించి వెనక చక్రం దాటాక నేల మీద పడేలా వదిలేస్తే సరిపోతుంది. రొయ్యల ఐసు నీరు ఇనుము మీద పడితే వాన నీటికంటే ఎంతో వేగంగా తినేస్తుంది. మీ బండి బ్రేకు పైపులకు కూడా ఈ గొట్టం మేలు చేస్తుంది.

తర్వాత వేడి. బీఎస్-6 డీజిల్ బండ్లకు సైలెన్సర్ లైనులో మసిని పట్టుకునే ఫిల్టర్ ఒకటి ఉంటుంది. మసి నిండినప్పుడు బండి దానంతటదే దాన్ని కాల్చేస్తుంది. ఆ సమయంలో ఫిల్టర్ లోపల వేడి 600 డిగ్రీల దాకా వెళ్తుంది. దాని పక్కన గాలి ట్యాంకు ఉంటే లోపలి ఒత్తిడి పెరుగుతుంది. అంతకంటే ముందు గాలి పైపులు పోతాయి. మన దగ్గర షాపుల్లో అమ్మే మెత్తటి పీయూ (పాలీయూరిథేన్ ప్లాస్టిక్) పైపు 60 డిగ్రీల దాకానే తట్టుకుంటుంది. లారీ బ్రేకులకు వాడే నైలాన్ పైపు 90 వరకు ఆగుతుంది. మీ సైలెన్సర్ కుడి వైపు ఉందన్నారు, మంచిదే. కానీ కొన్ని బండ్లలో సైలెన్సర్ ఒక వైపు మొదలై వెనకాల రెండో వైపుకి మళ్లుతుంది. తోక గొట్టం ఎక్కడ తేలుతుందో చివరిదాకా చూసుకోండి. ట్యాంకు నుంచి బ్యాగులకు వెళ్లే పైపు కూడా సైలెన్సర్‌కి అడుగు దూరం తగ్గకుండా వెళ్లాలి. ఎక్కడైనా దగ్గరగా వెళ్లక తప్పకపోతే మధ్యలో రేకు అడ్డం పెట్టించండి.

కదిలే భాగాల సంగతికి వస్తే, చాలా షెడ్లలో బండి ఖాళీగా నిలబెట్టి కొలతలు తీస్తారు. ఖాళీ బండి కింద అంతా విశాలంగానే కనిపిస్తుంది. లోడు వేసి స్పీడ్ బ్రేకర్ దాటితే వెనక హౌసింగ్ (రెండు వెనక చక్రాలనూ కలిపే ఇరుసు గొట్టం) ఎంత పైకి లేస్తుందో, చక్రం ఎటు వంగుతుందో నిలబడి ఉన్న బండిలో తెలియదు. కాబట్టి ఒక పని చేయండి. మీ చెరువుల దగ్గర 160 ఎంఎం పీవీసీ పైపు ముక్కలకు కొదవ ఉండదు. ఆ సైజు దాదాపు 6 అంగుళాల ట్యాంకు లావుతో సమానం. రెండడుగుల ముక్క కోసి, ట్యాంకు వస్తుందనుకున్న చోట గట్టిగా తాళ్లతో కట్టి, ఫుల్ లోడుతో ఒక ట్రిప్పు విశాఖ వెళ్లి రండి. వచ్చాక ఆ ముక్కను విప్పి చేతిలోకి తీసుకుని చూడండి. గీతలు పడితే ఏదో రాసుకుంటోందని అర్థం. ఒక పక్క మెత్తబడి సొట్ట పోతే వేడి తగులుతోందని అర్థం, పీవీసీ 80 డిగ్రీల దగ్గరే లొంగిపోతుంది. ముందు చక్రం విసిరే కంకర ఎంత గట్టిగా తగులుతోందో పైపు ముఖం మీద చిన్న చిన్న గుంటలే చెబుతాయి. ఎడమ చక్రం మాటిమాటికీ తారు దిగి గట్టు మీదికి వెళ్తుంది కాబట్టి ఈ కంకర దెబ్బ మీరు ఎంచుకున్న ఎడమ పక్కన ఎక్కువే ఉంటుంది. గుంటలు కనిపిస్తే ట్యాంకు ముందు మందపాటి రబ్బరు ఫ్లాపు వేలాడదీయండి.

ఇంజిన్ ఊపును వెనక చక్రాలకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి మాత్రం ఏ పరీక్షా అక్కర్లేదు. దాని చుట్టుపక్కల ట్యాంకు పెట్టకండి, అంతే. దాని కొసన ఉండే యూ-జాయింటు విరిగి షాఫ్ట్ వదులైతే అది తిరిగే ఊపుకి అడ్డం వచ్చినదాన్ని చీల్చేస్తుంది. ఛాసిస్‌కి బయటి పక్క ఎంచుకోమనడానికి ఇదొక పెద్ద కారణం, మధ్యలో ఛాసిస్ ఇనుమే అడ్డుగా ఉంటుంది. ఎత్తు విషయంలో ట్యాంకు అడుగు డీజిల్ ట్యాంకు అడుగుకంటే కిందికి దిగకూడదు. వెడల్పులో తొట్టి అంచు దాటి బయటికి రాకూడదు. ఎడమ వైపు సైకిళ్లు, నడిచేవాళ్లు ఉంటారు.

ఇప్పుడు సాలూరు ట్యాంకు. సాలూరు లారీ పనివాళ్ల చేతి మీద నాకు గౌరవం ఉంది, మాట వాళ్ల గురించి కాదు. పాత ట్యాంకు బయట ఎంత నిగనిగలాడినా లోపల ఎలా ఉందో కంటికి కనిపించదు. ఏళ్ల తరబడి నీళ్లు దింపని ట్యాంకును కోసి చూస్తే, అడుగున బెరడులాంటి తుప్పు పెళ్లలు, వాటి కింద గోరుతో గీకితే రాలిపోయే ఇనుము కనిపిస్తాయి. పై సగం కొత్తదానిలా ఉంటుంది. 6 అంగుళాల ట్యాంకు అయినా సరే, 120 పీఎస్‌ఐ దగ్గర దాని మూత ఒక్కదాని మీద పడే బలం ఒకటిన్నర టన్నులు. అంత బలాన్ని లోపల సన్నబడిన రేకు చేతికి అప్పగించకూడదు. ఒకవేళ ఎవరైనా పాతది వాడాల్సి వస్తే, నీళ్లు నింపి, నీటి ఒత్తిడితో, పని ఒత్తిడికి ఒకటిన్నర రెట్ల దాకా పరీక్ష చేయించాలి. గాలితో పరీక్ష చేయకూడదు. నీటితో అయితే పగిలినా కారి ఊరుకుంటుంది, గాలితో పగిలితే ముక్కలు ఎగురుతాయి. పాత గ్యాస్ సిలిండర్లు, మంటలార్పే డబ్బాలు ట్యాంకులుగా మార్చి ఇస్తామనేవాళ్లు కూడా తగులుతారు, వాళ్ల గుమ్మం తొక్కకండి.

అసలు మీకు 20 లీటర్లు అక్కర్లేదు. లెక్క చూడండి. రెండు బ్యాగులూ కలిపి 6 లీటర్లు పడతాయనుకుందాం. ఖాళీ బండికి 5 పీఎస్‌ఐ, లోడుకి 60 పీఎస్‌ఐ కావాలనుకుందాం. 11 లీటర్ల ట్యాంకులో 120 పీఎస్‌ఐ ఉంటే, బ్యాగులు నింపాక ఇంకా 90 మిగులుతుంది. కంప్రెసర్ తిరగకుండానే ఒక లోడు పని అయిపోతుంది. 6 అంగుళాల లావు, 24 అంగుళాల పొడవున్న ట్యాంకుకి సరిగ్గా ఆ 11 లీటర్లు పడుతుంది, మీ 30 అంగుళాల ఖాళీలో రెండు పక్కలా ఫిట్టింగులకు చోటు మిగులుతుంది. 20 లీటర్లది 8 అంగుళాల లావు ఉంటుంది. అంత లావు కోసం కిందికో బయటికో జరపాల్సి వస్తుంది. అల్యూమినియం దొరికితే తీసుకోండి, బరువు తక్కువ, ఎర్ర తుప్పు పట్టదు. కాకపోతే అల్యూమినియం, ఇనుము నేరుగా ఆనుకుని ఉప్పు తగిలితే అల్యూమినియం తెల్లగా పొడి రాలి తినుకుపోతుంది. క్లాంపుకీ ట్యాంకుకీ మధ్య రబ్బరు తప్పనిసరి.

బిగించే పద్ధతిలో ఒక్క విషయం మీద పట్టు పట్టండి. ఛాసిస్ పట్టా పై అంచుకీ కింది అంచుకీ రంధ్రం వేయనివ్వకండి. లోడు పడినప్పుడు ఛాసిస్ వంగే బలమంతా ఆ రెండు అంచులే మోస్తాయి. అక్కడ డ్రిల్లు దింపితే పగులుకు మీరే దారి తీసినట్టు. నిలువు ముఖం మీద కంపెనీ వదిలిన రంధ్రాలు వెతికితే దొరుకుతాయి, వాటికి సరిపడా బ్రాకెట్ తయారు చేయించుకోండి. ఛాసిస్ మీద వెల్డింగ్ వద్దు. ట్యాంకు ఒంటి మీద అసలే వద్దు, కంపెనీ అతికిన కాళ్లు ఉంటే వాటికే బోల్టులు వేయాలి, లేకపోతే రెండు వెడల్పాటి ఇనుప పట్టీలతో చుట్టి బిగించాలి. బ్రాకెట్‌ని విడిగా బల్ల మీద పెట్టి వెల్డింగ్ చేసి తెచ్చి బండికి బోల్టులు వేస్తే సరి. నట్లు లోపల నైలాన్ రింగు ఉన్నవి వాడండి, మామూలు నట్లు మన రోడ్ల అదురుకి వదులైపోతాయి.

మీరు మరీ శ్రద్ధ పెట్టాల్సింది ట్యాంకు అడుగున నీళ్లు దింపే కాక్ (చిన్న కుళాయి) విషయంలో. చోటు ఎంపికలో అన్నిటికంటే నేను దీనికే విలువ ఇస్తాను. గాలిని నొక్కితే అందులోని తేమ నీరై ట్యాంకు అడుగున చేరుతుంది. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి 30 గ్రాముల దాకా నీటి ఆవిరిని మోయగలదు, మన కోస్తాలో వానాకాలం రాత్రుల్లో గాలి ఆ హద్దుకు దగ్గరగానే ఉంటుంది. మీ 11 లీటర్ల ట్యాంకు ఖాళీ నుంచి 120 పీఎస్‌ఐకి రావాలంటే దాదాపు 90 లీటర్ల బయటి గాలి లోపలికి వెళ్లాలి. అంటే ఒక్కో నింపుకీ రెండు గ్రాముల నీళ్లు. వినడానికి చుక్కల్లా అనిపిస్తుంది కానీ రోజుకొక నింపు అనుకున్నా నెల తిరిగేసరికి 60 గ్రాములవుతుంది. ఆ నీరు ట్యాంకును లోపలి నుంచి తింటుంది, వాల్వుల్లోకి వెళ్తుంది, బ్యాగుల్లోకీ చేరుతుంది.

దీనికి మందు ఒక్కటే, రోజూ కాక్ తిప్పడం. పడుకుని, బండి కిందికి దూరి, బురదలో చెయ్యి పెట్టి తిప్పాల్సి వస్తే మొదటి వారం తిప్పుతారు, ఆ తర్వాత ఎవ్వరూ తిప్పరు. స్టెప్నీ చోట వద్దనడానికి ఇదీ ఒక కారణమే. ఎడమ పక్కన అయితే టీ తాగి బండి ఎక్కబోతూ ఒక మోకాలు వంచి కాక్ తిప్పేయొచ్చు. తిప్పగానే ముందు బుస్సుమని నీళ్లు తుంపరగా వస్తాయి, కాస్త నూనె కలిసి పాలలా తెల్లగా కనిపిస్తే కంగారు పడకండి, అది కంప్రెసర్ నూనె. కంప్రెసర్ నూనె లేని రకమైతే అది కూడా రాదు. ఎర్రగా వస్తే మాత్రం లోపల తుప్పు మొదలైనట్టే. ట్యాంకు బిగించేటప్పుడు కాక్ సరిగ్గా అడుగున ఉండాలి, కాక్ ఉన్న వైపుకి ట్యాంకు వేలెడు వాలి ఉండాలి. బ్యాగులకు గాలి వెళ్లే దారి పక్క నుంచో పై నుంచో ఉండాలి, అడుగు నుంచి కాదు. ఫిట్టర్లు తొందరలో అడుగు రంధ్రానికే పైపు తగిలించేస్తుంటారు, దగ్గరుండి చూసుకోండి.

మిగతావి టూకీగా. కంప్రెసర్ నుంచి వచ్చే గాలి బాగా వేడిగా ఉంటుంది, మొదటి మీటరు పైపు ఉక్కు అల్లిక ఉన్నదే వేయాలి, దాని చివర గాలి వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వు ఉండాలి. కంప్రెసర్ గాలి పీల్చే నోరు వరద నీటికి అందనంత ఎత్తులో, క్యాబిన్ వెనకో బానెట్ కిందో ఉండాలి. సేఫ్టీ వాల్వు లేకుండా ట్యాంకు బిగించనివ్వకండి, అది కంప్రెసర్ ఆగే ఒత్తిడి కంటే కాస్త పైన, ట్యాంకు ప్లేటు మీద రాసిన హద్దుకు లోపల విడిచేదిగా ఉండాలి. కరెంటు వైరుకి బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టించండి. రెండు బ్యాగులకూ వేర్వేరు పైపులు, వేర్వేరు వాల్వులు వేయించండి. రెండింటినీ ఒకే పైపుకి కలిపితే మలుపులో లోడు ఒరిగిన వైపు బ్యాగులోని గాలి రెండో దాంట్లోకి పోయి బండి ఇంకా ఒరుగుతుంది.

పట్టీల మాట. తీయొద్దన్నాను కదా, కారణం ఇది. దారిలో ఒక పైపు తెగితే బ్యాగులు ఖాళీ అవుతాయి. అప్పుడు మీ లోడును మోయాల్సింది ఆ పట్టీలే. ఖాళీ బండి ఎగరడానికి బ్యాగులు పెద్ద మందు కాదు. ఆ ఎగురుడికి వెనక షాక్ అబ్జార్బర్లు మార్చి చూడండి, అలిసిపోయిన షాక్‌లతో ఏ పికప్ అయినా ఎగురుతుంది. ఇంకో ముఖ్యమైన మాట: కొన్ని పికప్‌లలో వెనక హౌసింగ్‌కీ ఛాసిస్‌కీ మధ్య చిన్న రాడ్డుతో కలిపిన బ్రేకు వాల్వు ఉంటుంది. వెనక ఎంత కుంగిందో చూసి, లోడు ఉందని తెలుసుకుని వెనక బ్రేకులకు ఒత్తిడి పెంచుతుంది. బ్యాగులతో బండిని పైకి లేపితే ఆ వాల్వు లోడు లేదనుకుంటుంది, వెనక బ్రేకు తగ్గిపోతుంది. మీ బండికి అది ఉందేమో కిందికి వంగి చూడండి. ఉంటే, బ్యాగులు బిగించాక దాన్ని కంపెనీ సర్వీసు వాళ్ల చేత సరి చేయించుకోకుండా లోడు ఎక్కించకండి.

బ్యాగులు వేసినంత మాత్రాన బండి మోయగల బరువు పెరగదు. ఆర్‌సీలో రాసిన బరువే బరువు. హౌసింగ్, బేరింగులు, బ్రేకులు, టైర్లు పాతవే కదా. హద్దు దాటితే మోటారు వాహనాల చట్టం ప్రకారం 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకీ 2,000 చొప్పున జరిమానా. అదే చట్టం 52వ సెక్షన్ బండిలో మార్పుల గురించి చెబుతుంది. అందుకని పని మొదలుపెట్టక ముందే శ్రీకాకుళం రవాణా కార్యాలయంలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌ని కలిసి ఏం బిగించబోతున్నారో చెప్పి అడగండి, ఇన్సూరెన్స్ వాళ్లకూ ఒక ముక్క రాసి జవాబు తీసుకోండి. సరుకు బండికి మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ ఉంటుంది. అప్పుడు కొత్తగా ప్రశ్నలు పుట్టకూడదు.

అంతా బిగించాక 120 పీఎస్‌ఐ నింపి, ప్రతి జాయింటు మీదా సబ్బు నురుగు రాయండి. బుడగ లేస్తే అక్కడ కారుతున్నట్టు. రాత్రి గేజీ అంకె రాసిపెట్టుకుని పొద్దున చూడండి, నాలుగైదు పీఎస్‌ఐ తేడా వాతావరణం చల్లబడినందుకు వస్తుంది, 20 తగ్గితే కారుతున్నట్టే. వారం తిరిగాక అన్ని బోల్టులూ మరోసారి బిగించండి. ట్యాంకు మీద కంపెనీ ప్లేటు ఉంటుంది, తయారైన సంవత్సరం, ఒత్తిడి హద్దు దాని మీద ఉంటాయి. ఆ ప్లేటు బయటి వైపుకి తిరిగి ఉండేలా బిగించమనండి, రంగు వేసేటప్పుడు దాని మీద టేపు అంటించమని కూడా ముందే చెప్పండి.